విండోస్ 10కి సపోర్టు ఆగింది, కంప్యూటరు మాత్రం ఆగలేదు: ప్యాచ్‌లు వస్తూ ఉండాలంటే ఏం చెయ్యాలి

మా బాబాయికి భీమవరం దగ్గర రొయ్యల మేత దుకాణం ఉంది. ఏ చెరువు రైతు ఎన్ని బస్తాలు తీసుకెళ్లాడు, ఎవరు ఎంత బాకీ, అన్నీ ఒక్క పాత కంప్యూటర్లోనే ఉంటాయి. 2025 అక్టోబరులో దాని తెర మీద సపోర్టు అయిపోయిందని ఒక సందేశం వచ్చింది, వెంటనే నాకు ఫోన్ కొట్టాడు. "ఒరేయ్, ఇది ఇంక పనికిరాదంటోందేంట్రా, కొత్తది కొనెయ్యాలా?" అదే వారంలో పాలకొల్లులో శుభలేఖలు వేసే ఆయన, రాజోలు వైపు నెట్ సెంటర్ నడిపే మా స్నేహితుడు కూడా ఇదే అడిగారు. ముగ్గురికీ విడివిడిగా చెప్పిందంతా ఒకచోట రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, ఈ రోజే కొత్తది కొనక్కర్లేదు, కానీ ఏమీ చెయ్యకుండా వదిలెయ్యడం మాత్రం కుదరదు.

సపోర్టు ఆగడం అంటే

2015 జులై 29న వచ్చిన విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. గోదారికి వరదొచ్చినప్పుడు ఏటిగట్టు మీద రాత్రంతా కాపలా తిరగడం మనవాళ్లందరూ చూసిందే, ఎక్కడ ఊట కనబడితే అక్కడ ఇసుక బస్తాలు పడతాయి. ప్యాచ్ అంటే, విండోస్‌లో బయటపడ్డ లోపాన్ని పూడ్చడానికి మైక్రోసాఫ్ట్ పంపే సవరణ, ఆ బస్తాలాంటిదే. సపోర్టు ఆగడమంటే కాపలా వాళ్లు ఇంటికెళ్లిపోవడం. గట్టు ఆ రాత్రికే తెగదు, అందుకే "నాది బాగానే నడుస్తోందిగా" అనిపిస్తుంది. ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. విండోస్ 10, 11 లోపల చాలా భాగం ఒకటే. 11కి ప్రతి నెలా ప్యాచ్ వచ్చినప్పుడల్లా, ఆ ప్యాచ్‌కి ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అని పోల్చి చూసేవాళ్లకి రంధ్రం ఎక్కడుందో తెలిసిపోతుంది. అదే రంధ్రం ప్యాచ్ అందని 10లో అలాగే ఉండిపోతుంది.

ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగిన వైరస్, వానాక్రై గుర్తుందా? దాన్ని ఆపే ప్యాచ్ 2017 మార్చి 14నే వచ్చింది, దాడి జరిగింది మే 12న. మధ్యలో రెండు నెలల టైముంది. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయని అప్పట్లో పేపర్లలో వచ్చింది. దెబ్బతిన్న వాటిలో ఎక్కువ భాగం అప్పటికింకా సపోర్టు ఉన్న విండోస్ 7 మెషీన్లే, ప్యాచ్ వచ్చింది గానీ వేసుకోలేదు. కాబట్టి ప్యాచ్ వచ్చే దారి తెరుచుకోవడం ఒక పని, వచ్చినదాన్ని నెలనెలా వేసుకోవడం ఇంకో పని. రెండూ చెయ్యాలి.

ముందుగా, మీ దగ్గర ఏముందో చూడండి

కీబోర్డు మీద విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో డబ్ల్యూ, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అక్షరాలు టైప్ చేసి ఎంటర్ కొట్టండి. వచ్చిన కిటికీలో వెర్షన్ 22హెచ్2 అని, బిల్డ్ 19045 అని, దాని తర్వాత చుక్క పెట్టి ఇంకో అంకె ఉంటాయి. ఆ చుక్క తర్వాతి అంకెను కాగితం మీద రాసుకోండి, మనకి అసలు ఆధారం అదే. 2025 అక్టోబరులో అందరికీ ఉచితంగా వచ్చిన చివరి అప్‌డేట్‌తో ఆ అంకె 6456కి చేరింది. మీది అంతకంటే తక్కువ ఉంటే ఉచితంగా ఇచ్చినవి కూడా పూర్తిగా వేసుకోలేదన్నమాట. 22హెచ్2 బదులు 21హెచ్2, 1909 లాంటివి కనిపిస్తే ముందు 22హెచ్2కి రావాలి, లేకపోతే తర్వాతి మెట్లేవీ పనిచెయ్యవు.

డేటా కాపీ, ఇది తీశాకే మిగతావి

నేను ఒకసారి ఈ మెట్టు దాటేసి అప్‌డేట్ మొదలుపెట్టాను. సగంలో కరెంటు పోయింది, పాత హార్డ్ డిస్కు మళ్లీ లేవలేదు, ఒక కుటుంబం పెళ్లి ఫొటోలు పోయాయి. ఆ ఇంటావిడ ముఖం ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఇక్కడ కొంచెం గట్టిగా చెబుతున్నాను.

ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు తెచ్చుకోండి. డాక్యుమెంట్లు, ఫొటోలు, డెస్క్‌టాప్ మీద పరిచేసిన ఫైళ్లు, బ్రౌజర్లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లెక్కల సాఫ్ట్‌వేర్ డేటా, అన్నీ అందులోకి తీయండి. లెక్కల సాఫ్ట్‌వేర్ విషయంలో ఫోల్డర్ కాపీ ఒక్కటే నమ్ముకోవద్దు, అందులోనే ఉండే బ్యాకప్ ఆప్షన్‌తో కూడా ఒకటి తీయండి. కాపీ అయ్యాక డిస్కుని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి, తెరుచుకుంటేనే అది బ్యాకప్. తర్వాత డిస్కు తీసి బీరువాలో పెట్టెయ్యాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్ వచ్చిన రోజు ఆ డిస్కు కూడా పోతుంది.

డిస్కులోని డేటాకి తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉంటే, ఆ తాళం తీసే రికవరీ కీని కూడా ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. అప్‌డేట్ తర్వాత రీస్టార్ట్ చేస్తే నీలం తెర మీద ఆ కీ అడగడం జరుగుతుంటుంది, అప్పుడు వెతుక్కుంటే టెన్షన్ తప్ప ఇంకేం ఉండదు.

పెండింగ్‌లో ఉన్నవన్నీ వేసేయండి

సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, విండోస్ అప్‌డేట్. చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కి, వచ్చినవి వేసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ నొక్కండి. ఇంక ఏమీ లేవని చెప్పేదాకా ఇదే పని. సీ డ్రైవ్‌లో కనీసం 20 జీబీ ఖాళీ ఉంటే మంచిది, లేకపోతే డిస్క్ క్లీనప్‌తో పాత అప్‌డేట్ ఫైళ్లు తీసెయ్యండి.

మనవైపు చాలామంది ఫోన్ హాట్‌స్పాట్ మీదే నడుపుతారు. ఆ కనెక్షన్‌కి మీటర్డ్ (అంటే డేటా పొదుపుగా వాడాల్సినది) అని పెట్టి ఉంటే అప్‌డేట్లు దిగవు, ఏడాది గడిచినా ఎవరికీ అనుమానం రాదు. బాబాయి కంప్యూటర్లో సరిగ్గా ఇదే జరిగింది, డేటా అయిపోతుందని ఎవరో ఎప్పుడో పెట్టేసి వెళ్లారు. విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి, మీటర్డ్ కనెక్షన్ మీద కూడా డౌన్‌లోడ్ చెయ్యమనే మీట ఆన్ చెయ్యండి, లేదా నెలకోసారి ఇంటర్నెట్ బాగా వచ్చేచోటికి కంప్యూటర్ పట్టుకెళ్లండి. నెట్ సెంటర్లో నాలుగైదు మెషీన్లు ఉంటే అక్కడే డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఉంటుంది, అందులో లోకల్ నెట్‌వర్క్‌లోని పీసీలు అన్నది ఎంచుకోండి. ఒక మెషీన్ దింపుకున్నదాన్ని మిగతావి దాని దగ్గర నుంచే తీసుకుంటాయి, డేటా చాలా మిగులుతుంది.

అప్‌డేట్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంటే ముందు ట్రబుల్‌షూటర్ నడపండి. దానికీ లొంగకపోతే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డిజ్మ్ రిస్టోర్‌హెల్త్, ఆ తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ, పాడైన విండోస్ ఫైళ్లను బాగుచేసే ఈ రెండు ఆదేశాలు అదే వరుసలో నడపాలి. అప్పటికీ కాకపోతే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ అనే సైటులో ఆ అప్‌డేట్ పేరులో కేబీతో మొదలయ్యే నంబరు వెతికి, 22హెచ్2కి సరిపోయే ఫైలు (64 బిట్ అయితే ఎక్స్64) దింపి చేత్తో వేసుకోవచ్చు. ఇంకే సైటు నుంచీ అప్‌డేట్ ఫైలు తెచ్చుకోవద్దు, లింకు ఎంత నమ్మకమైన వాళ్లు పంపినా సరే.

ఈఎస్‌యూలో చేరడం, అసలు పని ఇదే

గడువు అయ్యాక కూడా భద్రతా ప్యాచ్‌లు మాత్రం ఇచ్చే పథకాన్ని మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అంటుంది, పొట్టిగా ఈఎస్‌యూ. ఇలాంటివి ముందు కంపెనీలకే అమ్మేవారు, ఇళ్లలో వాడుకునే వాళ్లకి ఇవ్వడం విండోస్ 10తోనే మొదలు. ప్రకటించిన గడువు 2026 అక్టోబరు 13. ఆ లోపు ఎప్పుడు చేరినా ఫర్వాలేదు, వెనక వచ్చిన ప్యాచ్‌లు కూడా అందుతాయి, కానీ చేరని ప్రతి రోజూ గట్టు మీద కాపలా లేని రోజే.

చేరడానికి మూడు దారులున్నాయి. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సైన్ఇన్ అయ్యి సెట్టింగ్స్‌ని వాళ్ల క్లౌడ్‌తో సింక్ చేస్తే ఉచితం. లేదా 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు ఇవ్వాలి. లేదా ఒక్కసారి 30 డాలర్లు, స్థానిక ధర ప్రకారం పన్నులతో కలిపి కట్టాలి. ఒక అకౌంటు మీద 10 కంప్యూటర్ల దాకా వాడుకోవచ్చు, ఇంట్లో మూడు మెషీన్లుంటే మూడింటికీ ఒకటే చాలు.

చేసే విధానం ఇది. అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న యూజర్‌తో లోపలికి వెళ్లండి, పిల్లల అకౌంటు అయితే కుదరదు. విండోస్ అప్‌డేట్ పేజీలో, చెక్ ఫర్ అప్‌డేట్స్ కింద, ఎన్‌రోల్ నౌ అనే లింకు ఉంటుంది. నొక్కితే అర్హత చూస్తుంది, మైక్రోసాఫ్ట్ అకౌంటు అడుగుతుంది, తర్వాత ఈ మూడు దారుల్లో ఒకటి ఎంచుకోమంటుంది. బ్యాకప్ దారి, అంటే పైన చెప్పిన సింక్ దారి, ఎంచుకుంటే డబ్బులు పడవు. ఇక్కడ జనం భయపడేది ఫొటోలన్నీ మైక్రోసాఫ్ట్ క్లౌడ్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లోకి వెళ్లిపోతాయని. ఉచితంగా దొరికేది 5 జీబీయే, నిండిపోతే అదొక గోల. కానీ కావాల్సింది సెట్టింగ్స్ సింక్ మాత్రమే, విండోస్ బ్యాకప్‌లో డాక్యుమెంట్లు, పిక్చర్లు ఫోల్డర్లను ఆఫ్ చేసి ఉంచుకోవచ్చు. పాస్‌వర్డ్ కూడా లేకుండా లోకల్ అకౌంట్ వాడే అలవాటు మార్చుకోవడం ఇష్టం లేనివాళ్లు 30 డాలర్ల దారి చూసుకోవచ్చు, అందులోనూ చేరేటప్పుడు మాత్రం మైక్రోసాఫ్ట్ అకౌంటు అడుగుతుంది. నా సలహా అయితే ఉచిత దారే, ఆ డబ్బులు కొత్త కంప్యూటర్‌కి దాచుకోండి.

ఆ అకౌంటు మాత్రం యజమానిదే అయ్యుండాలి. సర్వీసుకి వచ్చిన కుర్రాడి మెయిల్‌తో చేర్పించి, అతను ఫోన్ నంబరు మార్చేసి హైదరాబాద్ వెళ్లిపోతే తర్వాత మీ చేతిలో ఏమీ ఉండదు.

ఎన్‌రోల్ నౌ కనిపించకపోతే కంగారు పడకండి. 2025 ఆగస్టులో వచ్చిన కేబీ5063709, లేదా దాని తర్వాతిది ఏదైనా, వేసి ఉందో లేదో చూడండి, అంతకుముందు ఆ నమోదు కిటికీ తెరుచుకుని మూసుకుపోయే లోపం ఉండేది. కంపెనీ డొమైన్‌లో (ఆఫీసువాళ్లు ఒకేచోట నుంచి నడిపించే నెట్‌వర్క్‌లో) చేర్చిన కంప్యూటర్‌కి ఈ పథకం వర్తించదు, ఆఫీసులకి వేరేగా అమ్ముతారు. మొదటి ఏడాది ఒక్కో మెషీన్‌కి 61 డాలర్లు, ఏటా రెట్టింపు, మొత్తం మూడేళ్లు, 2028 అక్టోబరు దాకా. రెండో ఏడాదిలో చేరినా మొదటి ఏడాది డబ్బులూ కట్టాల్సిందే.

చేరాక రీస్టార్ట్ చేసి, అప్‌డేట్లు వేసి, మళ్లీ ఆ చుక్క తర్వాతి అంకె చూడండి. 6456 దాటిందా? దాటితేనే పని అయినట్టు.

నెలనెలా చేసేది

ప్యాచ్‌లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. అమెరికాలో పొద్దున వదులుతారు, మనకి అప్పటికి రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. నేను ఆ వారంలో శనివారం సాయంత్రం వేస్తాను. అప్పటికి ఏదైనా ప్యాచ్‌లోనే లోపముంటే బయటపడిపోతుంది, షాపు కట్టేశాక తీరిగ్గా రీస్టార్ట్ అవుతుంది కూడా.

కరెంటు సంగతి వేరే చెప్పాలి. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది, అంటే సపోర్టు ఆగిన సరిగ్గా రెండు వారాలకి. అలాంటి రోజుల్లో అప్‌డేట్ జోలికి వెళ్లకండి, పాజ్ అప్‌డేట్స్ నొక్కి వారం ఆపండి, తర్వాత గుర్తుపెట్టుకుని వేసుకోండి. మామూలు రోజుల్లో కూడా డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకుండా అప్‌డేట్ పెట్టొద్దు. పాత యూపీఎస్ బ్యాటరీ రెండు నిమిషాలకే చేతులెత్తేస్తుంది, ముందు ప్లగ్ తీసి ఒకసారి పరీక్షించి చూడండి. అప్‌డేట్‌కి గంటలు పడుతోందంటే తప్పు సాధారణంగా పాత హార్డ్ డిస్కుది, దాని బదులు వేగంగా పనిచేసే చిన్న ఎస్‌ఎస్‌డీ డిస్కు వేయిస్తే మీకే తేడా తెలుస్తుంది.

విండోస్ ఒక్కటే కాదు

లోపలికి వచ్చే దారులు చాలావరకు బ్రౌజరు, ఆఫీసు ఫైళ్లు, జిప్ ఫైళ్లు. ఎడ్జ్ బ్రౌజర్‌కి విండోస్ 10 మీద కనీసం 2028 అక్టోబరు దాకా అప్‌డేట్లు ఇస్తామన్నారు, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల సమాచారం కూడా అప్పటిదాకా వస్తుంది. ఇది విని "డిఫెండర్ ఉందిగా, ఈఎస్‌యూ ఎందుకు" అనుకోవద్దు. డిఫెండర్ దొంగని గుర్తుపడుతుంది, తలుపుకున్న కన్నం పూడ్చదు.

ఆఫీస్ 2016, 2019లకి కూడా అదే 2025 అక్టోబరు 14న సపోర్టు ఆగింది, ఈ సంగతి చాలామందికి తెలియదు. ఈఎస్‌యూ వాటికి వర్తించదు. ఉత్తరాలు, పట్టికలు మాత్రమే చేసుకునేవాళ్లు లిబ్రేఆఫీస్‌కి మారిపోవచ్చు, అది ఉచితం. జిప్ లాంటి ఫైళ్లు తెరిచే విన్‌రార్ గురించి మరీ చెప్పాలి, ప్రతి నెట్ సెంటర్లో ఉంటుంది, తనంతట తాను అప్‌డేట్ కాదు, ఏళ్లనాటి వెర్షనే నడుస్తుంటుంది. 2025 జులైలో 7.13 వెర్షన్‌తో సరిచేసిన లోపాన్ని అప్పటికే దాడుల్లో వాడుతున్నారు. కొత్త వెర్షన్ చేత్తో వేయండి, లేదా తీసేసి 7-జిప్ పెట్టుకుని దాన్ని కూడా అప్పుడప్పుడు చూసుకోండి.

ఇంకో మాట, చెప్పక తప్పదు. విండోస్‌నో ఆఫీస్‌నో ఉచితంగా యాక్టివేట్ చేసే పనిముట్లు, ఈఎస్‌యూని దొడ్డిదారిన తెరిచే స్క్రిప్టులు చేతులు మారుతూ తిరుగుతున్నాయి. ముందు డిఫెండర్ ఆపమని అడిగేది ఏదైనా వెంటనే వదిలెయ్యండి. ఒక షాపులో నేను చూసిన మూడు వైరస్ కేసులూ అలా మొదలైనవే.

విండోస్ 7 వదలలేని వాళ్లకి

పాలకొల్లు ప్రెస్ ఆయన బాధ ఇదే. శుభలేఖలు, కరపత్రాలు పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లలో పాతికేళ్లుగా చేస్తున్నారు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ ఫైళ్లు అలాగే తెరుచుకోవాలంటే ఆయనకి ఆ పాత మెషీనే కావాలి. ధాన్యం మిల్లుల్లో కాటా దగ్గరి కంప్యూటర్లు కొన్ని ఇలాంటివే.

విండోస్ 7కి 2020 జనవరి 14న సపోర్టు ఆగింది, కంపెనీలు కొనుక్కున్న ఈఎస్‌యూ కూడా 2023 జనవరి 10తో అయిపోయింది. క్రోమ్ బ్రౌజర్ కూడా విండోస్ 7కి 109 వెర్షన్ దగ్గరే ఆగింది. కాబట్టి దీనికి కొత్త ప్యాచ్‌ల మీద ఆశ పెట్టుకోకుండా పని చెయ్యాలి. కొత్తగా ఫార్మాట్ చేస్తే కేటలాగ్ నుంచి ముందు కేబీ4490628, తర్వాత కేబీ4474419 వేసి రీస్టార్ట్ చెయ్యండి. ఈ రెండూ లేకపోతే 2019 ఆగస్టు నుంచి వచ్చిన అప్‌డేట్లను ఆ విండోస్ గుర్తించదు. ఆపైన 2020 జనవరి దాకా వచ్చినవన్నీ వేయాలి.

అది అయ్యాక నెట్ కేబుల్ పీకెయ్యండి. వైఫై డాంగిల్ ఉంటే తీసి దాచండి. ఫైళ్లు తేవడానికి ఒకే ఒక్క పెన్‌డ్రైవ్ కేటాయించి, ప్రతిసారీ ప్యాచ్‌లున్న వేరే కంప్యూటర్లో స్కాన్ చేసి, ఆ తర్వాతే ఇందులో పెట్టాలి. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ నేరుగా గుచ్చడం మానెయ్యాలి. ఇందులోంచి బ్యాంకు పని, మెయిల్ అసలే వద్దు. ప్రెస్ ఆయన మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు పక్కన పాత ల్యాప్‌టాప్ ఒకటి పెట్టి, వాట్సాప్‌లో వచ్చే మ్యాటర్ అందులో దింపుకుంటున్నారు.

ఇంటర్నెట్ తప్పదంటే 0ప్యాచ్ అని ఒకటుంది, స్లోవేనియాకి చెందిన ఆక్రోస్ సెక్యూరిటీ వాళ్లది. వీళ్లు మైక్రోసాఫ్ట్ ఫైళ్లని మార్చకుండా, నడుస్తున్న ప్రోగ్రామ్‌లో లోపమున్న చోట చిన్న సవరణ పెడతారు, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు. డబ్బులు కట్టేదే, ఏడాదికి ఒక్కో మెషీన్‌కి. ప్రతి లోపాన్నీ పూడ్చరు, ప్రమాదకరమైనవి ఎంచుకుని పూడుస్తారు. విండోస్ 10కి కూడా ఇస్తున్నారు, ఈఎస్‌యూ గడువు అయ్యాక మారడానికి ఇంకా టైము కావాల్సినవాళ్లు దీన్ని చూడొచ్చు.

గడువులోపు మారే దారి

ఈఎస్‌యూ ఇచ్చేది కాస్త టైము మాత్రమే. పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ పనిముట్టు నడిపితే విండోస్ 11కి మీ మెషీన్ సరిపోతుందో లేదో చెబుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు 8వ తరం నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా కావాలి. కొన్ని మెషీన్లలో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) ఆఫ్‌లో ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అన్న పేర్లతో ఉంటుంది, ఆన్ చేస్తే సరిపోతుంది. మా స్నేహితుడి నెట్ సెంటర్లో రెండు మెషీన్లు ఇలాగే బయటపడ్డాయి, ఊరికే కొత్తవి కొనబోయాడు. సరిపోని మెషీన్ల మీద నిబంధనలు తప్పించి 11 ఎక్కించొద్దు, అలాంటి వాటికి అప్‌డేట్లు అందుతాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వట్లేదు.

ఆన్ చెయ్యగానే నమ్మకమైన సాఫ్ట్‌వేరే మొదలయ్యేలా చూసే సెక్యూర్ బూట్ ఉన్న మెషీన్లకి ఇంకో తేదీ కూడా ఉంది. దానికోసం 2011లో ఇచ్చిన సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి ముగియడం మొదలవుతుంది. కొత్తవి విండోస్ అప్‌డేట్ ద్వారానే వస్తాయి, విండోస్ 10లో ఈఎస్‌యూ ఉన్నవాటికే. చేరడం వాయిదా వేసేవాళ్లు ఇది గమనించాలి.

బ్రౌజింగ్, వీడియోలు, ఉత్తరాలకే వాడే పాత మెషీన్‌కి, విండోస్ బదులు నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ పెట్టేయండి. 22 వెర్షన్‌కి 2029 దాకా అప్‌డేట్లున్నాయి, 4 జీబీ ర్యామ్‌తో హాయిగా నడుస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, వైఫై, ప్రింటరు పనిచేస్తున్నాయో చూసుకున్నాకే డిస్కులో వేయండి. విండోస్‌లోనే నడిచే లెక్కల సాఫ్ట్‌వేర్ ఉన్న బాబాయి లాంటి వాళ్లకి ఇది కుదరదు, వాళ్లు 2026 అక్టోబరులోపు కొత్త మెషీన్‌కి డబ్బులు సిద్ధం చేసుకోవాలి.

బాబాయి దుకాణంలో సీపీయూ పక్కన ఒక కాగితం అంటించాను. పైన ఎర్ర సిరాతో 13-10-2026. దాని కింద నెలకో గీత, ప్యాచ్ వేసిన తేదీ, చుక్క తర్వాతి అంకె, బ్యాకప్ డిస్కు బీరువాలో పెట్టినట్టు ఒక టిక్కు. మొదటి రెండు గీతలు నేను రాశాను. మూడోది బాబాయే రాసి ఫొటో తీసి పంపాడు.